కార్డు పేరు పట్టుకుని తొమ్మిది వందల కిలోమీటర్లు

మా చుట్టాల పెళ్లిళ్లలో కుర్రవాళ్లు నా చుట్టూ చేరితే అడిగేది ఒకటే. "తాతా, సూరత్ నుంచి మోపెడ్ మీద ఊరికొచ్చినవట గదా, నిజమేనా?" నిజమే. తొంభైల్లో, నడి వానాకాలంలో, యాభై సీసీ బండి మీద సూరత్ నుంచి కరీంనగర్ జిల్లా దాకా వచ్చాను. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను నడుస్తుండగానే పెడళ్లు తొక్కిన సంగతి చెబితే వాళ్లు పడీ పడీ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. అంత దూరం ఎందుకొచ్చావని మాత్రం ఎవరూ అడగరు. అడగనిది నేనెందుకు చెబుతాను? మగ్గాల పని మానేసి పన్నెండేళ్లయింది. మిగిలిన సగం కూడా ఇప్పుడు రాసేస్తున్నాను. నవ్వుదామని కూర్చున్నవాళ్లు ఇక్కడే లేచిపోవచ్చు.

నేను సూరత్‌లో లింబాయత్ అనే పేటలో ఉండేవాణ్ని, మరమగ్గాల జాబర్ని. అంటే మగ్గం మొరాయిస్తే దారికి తెచ్చేవాణ్ని. మావాళ్లంతా మాస్టర్ అనేవాళ్లు. మగ్గాలు బాగుచేయడం కంటే మనుషుల్ని పనుల్లో కుదర్చడంలో నాకు పేరెక్కువ. ఊరి నుంచి ఎవడు దిగినా ముందు నా గదికే వచ్చేవాడు. ఏ కార్ఖానాలో చోటుందో, ఏ సేఠ్ నోరు చెడ్డదో, ఏ సూపర్‌వైజర్ దగ్గర ఎట్లా నిలబడాలో అన్నీ నాకు తెలుసని నా నమ్మకం. ఆ రోజుల్లో నా ఛాతీ చొక్కాలో పట్టేది కాదు.

బద్లీ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. అప్పట్లో ఎవరైనా ఊరికి పోతే తన చోటు ఖాళీగా వదిలి పోయేవాడు కాదు. వదిలితే సేఠ్ ఇంకొకణ్ని పెట్టుకునేవాడు, తిరిగొచ్చేసరికి పని ఉండేది కాదు. అందుకని తెలిసిన మనిషిని తన చోట నిలబెట్టి, తన హాజిరీ కార్డు అతని చేతికిచ్చి పోయేవాడు. ఆ నెలో రెండు నెలలో ఆ బద్లీ మనిషి కార్డు మీది పేరుతోనే బతకాలి. గేటు దగ్గర ఆ పేరు పిలిస్తే అతనే పలకాలి. సూపర్‌వైజర్లు తెలిసినా తెలియనట్టే ఉండేవాళ్లు, తలలు సరిపోతే చాలు వాళ్లకు. మావాళ్లలో ఇట్లాంటి బద్లీలు ఎక్కువగా నా చేతిమీదుగానే జరిగేవి.

ఆ ఏడు ఎండాకాలం చివర మా బావ ఊరికి బయల్దేరాడు. సొంత బావ కాదు, ఊరి వరస. పాండేసరలో ఒక సైజింగులో పనిచేసేవాడు. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు దారానికి గంజి పట్టించే చోటు అది. పెద్ద తొట్టెలో గంజి ఆవిరి మీద కుతకుతా ఉడుకుతుంటుంది. నెలకల్లా వచ్చేస్తానన్నాడు బావ. ఆయన చోట నిలబెట్టడానికి, మా దిక్కు నుంచే కొత్తగా వచ్చిన ఒక మెతక మనిషిని నేనే చూశాను. ముప్పై ఏళ్లుంటాయి. మాట తక్కువ. చెప్పింది చెప్పినట్టు చేసే రకం. బావకూ అతనికీ ఎత్తూ ఒళ్లూ ఇంచుమించు ఒకటే. అదొకటి నాకు భలే నచ్చింది.

చేర్చే ముందు అతణ్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. "సూడు, గేటు లోపలికి పోయినంక నీ పేరు మరిచిపోవాలె. సేఠ్ అడిగినా, పోలీసోడు అడిగినా, యముడొచ్చి అడిగినా కార్డు పేరే చెప్పాలె. నేను చెప్పేదాంక నీ అసలు పేరు నోట్లకెళ్లి రావద్దు. సమజైందా?"

"అట్లనే మాస్టర్," అన్నాడు.

అంతటితో ఊరుకున్నానా? పరీక్ష కూడా పెట్టాను. చాయ్ హోటల్ దగ్గర అతను అటు తిరిగి నిలబడితే వెనక నుంచి అసలు పేరుతో కేకేశాను. తిరిగి చూశాడు. తిట్టాను. మర్నాడు మళ్లీ పిలిచాను. తల సగం తిప్పి ఆపుకున్నాడు. మళ్లీ తిట్టాను. మూడోసారి చెవి పక్కనే అరిచాను. చేతిలో చాయ్ గ్లాసు కూడా కదల్లేదు. "శెబ్బాష్!" అని వీపు చరిచి ఇంకో చాయ్ తాగించాను. ఒక మనిషిని తయారు చేశానని ఆ రోజంతా సంబరపడ్డాను.

నెల దాటింది. నేను సూరత్ బయట జోల్వాలో కొత్త మగ్గాలు బిగించే పనిమీద పోయి మూడు వారాలు అక్కడే ఉండిపోయాను. బావ వచ్చేసి ఉంటాడు, ఆ మెతకాయన ఇంకెక్కడో కుదురుకుని ఉంటాడు అనుకున్నాను. ఎవరినీ అడిగి అనుకున్నది కాదు, ఊరికే అనుకున్నాను.

వానలు జోరుగా పడుతున్నాయి. ఒక పొద్దున సైజింగులో పనిచేసే ఒరియా మనిషి ఒకడు సైకిల్ మీద తడిసి ముద్దై జోల్వా వచ్చాడు. గంజి తొట్టెకు ఆవిరి వచ్చే పైపు పగిలిందన్నాడు. మీ మనిషి మీద గంజి ఎగిసి పడిందని, పెద్దాసుపత్రికి తీసుకుపోయారని చెప్పాడు. పేరడిగితే బావ పేరు చెప్పాడు. నా చేతిలో పానా జారి కాలి మీద పడింది. ఆ దెబ్బ నాకు సాయంత్రం దాకా తెలియలేదు.

ఆసుపత్రిలో కాలినవాళ్ల వార్డు తలుపు దగ్గరే సిస్టర్ ఆపేసింది. చెప్పుల కాళ్లతో, తడి బట్టలతో లోపలికి రావద్దంది. తలుపు నుంచే చూశాను. తల నుంచి నడుము దాకా తెల్లటి కట్లు. ముక్కు దగ్గర, నోటి దగ్గర మాత్రం సందు. మనిషి అని గుర్తుపట్టడానికే నాకు ఒక నిమిషం పట్టింది.

"పేరు సరిగ్గానే రాశారా?" అని సిస్టర్‌ను అడిగాను. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు నన్ను నేను ఎన్నిసార్లు మెచ్చుకున్నానో.

"తెచ్చినప్పుడు తెలివిలోనే ఉన్నాడు. పేరు స్వయంగా వాడే చెప్పాడు," అంది ఆమె హిందీలో.

తలుపు పట్టుకుని గట్టిగా పిలిచాను. "బావా! నేనొచ్చిన!" కట్ల లోపల తల కొంచెం ఇటు కదిలింది. మాట రాలేదు. ఇంకేం కావాలి నాకు? బావే. డాక్టరు వచ్చి, ఇప్పుడేమీ చెప్పలేమని, ఇంటివాళ్లుంటే వెంటనే పిలిపించమని అన్నాడు.

తలుపు నుంచి మంచం దాకా ఆరడుగులు ఉంటుంది. చెప్పులు విప్పి, చొక్కా మార్చుకుని, ఆ ఆరడుగులు నడిచి ఉంటే సరిపోయేది. లేదా ఆ ఒరియా మనిషిని "పాతాయనా, కొత్తాయనా?" అని ఒక్క మాట అడిగినా సరిపోయేది. పదిహేనేళ్లుగా జాబర్ని, నాకు తెలియంది ఏముంటుందని తొమ్మిది వందల కిలోమీటర్లకు బయల్దేరాను.

రైళ్లు లేవు. నందుర్బార్ దిక్కున పట్టాల కింద మట్టి కొట్టుకుపోయిందన్నారు. పట్టాల వెంట పోయే తీగలు కూడా తెగాయి కాబట్టి తంతి పోదన్నారు. బావ ఊళ్లో ఫోను లేదు. బస్టాండుకు పోతే రైళ్లు ఆగిపోయిన జనమంతా అక్కడే ఉన్నారు. మధ్యాహ్నం దాకా కుమ్ములాడి ఒక్క బస్సులో కాలు పెట్టలేకపోయాను. అక్క ముఖమే కళ్లలో మెదులుతోంది. అక్క అంటే బావ భార్య. ఆమెను ఆయన బతికుండగా తెచ్చి ఆ మంచం దగ్గర నిలబెట్టాలి. ఇంకేమీ తోచలేదు.

నా దగ్గర ఉన్నది ఆ మోపెడ్ ఒక్కటే. గల్లీల్లో పానాల సంచి వేసుకుని తిరగడానికి కొన్నది. సైకిల్‌కు కొంచెం ఎక్కువ, మోటారు సైకిల్‌కు చాలా తక్కువ. మా ఆవిడ, "దీని మీద వ్యారా దాంక గూడ పోలేవు, నీకు గిట్ల పిచ్చి లేసిందా ఏంది?" అంది. అంటూనే రొట్టెలు మూటగట్టింది. మర్నాడు తెల్లారగానే బయల్దేరాను.

కుర్రవాళ్లు నవ్వే భాగం ఇక్కడ మొదలవుతుంది. ఎదురుగాలి కొడితే ఆ బండిని సైకిల్ వాళ్లు దాటిపోయేవాళ్లు. పెట్రోలులో కలిపే ఆయిలు రవ్వంత ఎక్కువైతే ప్లగ్గు నల్లబడి ఆగిపోయేది. విప్పి, తుడిచి, మళ్లీ పెడళ్లు తొక్కి లేపాలి. సోన్‌గఢ్ దాటాక వాన. నవాపూర్ దాటాక ఘాట్. ఇంజను అరుస్తోంది, నేను తొక్కుతున్నాను, బండి నిలబడిపోతోంది. చివరికి దిగి తోశాను. లారీలవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి చూశారు. ధూళే దగ్గర ఢాబాలో ఒక డ్రైవరు ఎక్కడికని అడిగాడు. ఆంధ్రాకు అంటే బండిని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, ఇంకో రెండు రొట్టెలు నా పళ్లెంలో వేయించాడు.

రెండో రోజు కన్నడ్ ఘాట్‌లో యాక్సిలరేటర్ తీగ తెగింది. సంచిలో మగ్గానికి వాడే ఇనుప తీగ ఉంది. దాన్ని ఇంజనుకు కట్టి, కొసను మోకాలి పక్క నుంచి చేతికి చుట్టుకుని, లాగుతూ వదులుతూ జాల్నా దాకా పోయాను. అరచెయ్యి కోసుకుపోయింది. ఈ మాట చెబితే పెళ్లిళ్లలో చప్పట్లు కొడతారు.

చెప్పనిది ఏమిటంటే, ఆ దారంతా నేను ఒక్క మాట తయారు చేసుకుంటున్నాను. అక్కకు ఎట్లా చెప్పాలి? "అక్కా, బావకు జర దెబ్బ తాకింది" అనాలా? "జర" అంటే మోసం. "అక్కా, నువ్వు జల్ది బయల్దేరు" అంటే అడ్డం పడి ఏడుస్తుంది. ప్రతి ఎత్తు దగ్గరా ఒక మాట తయారు చేసి, దిగేటప్పుడు పారేశాను. నాందేడ్ దాటేసరికి ఏడుపు వచ్చేసింది. బండి ఆపలేదు, ఆపితే మళ్లీ లేస్తుందో లేదోనని ఏడుస్తూనే నడిపాను.

నాలుగో రోజు మధ్యాహ్నం బావ ఊరు చేరాను. మా దిక్కున ఆ ఏడు వాన లేటు. అక్క వాకిట్లో నిలబడి కోళ్లకు నూకలు వేస్తోంది. బురద కొట్టుకున్న నన్ను చూసి మొదట పోల్చుకోలేదు. తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి.

"అక్కా... బావ..." అని ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాను.

"ఏందిరా, ఏమైంది? బావ లోపట పన్నడు గదా. లేపాల్నా?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమెకు పిచ్చెక్కిందేమో అనుకున్నాను. ఈలోపు లోపల దగ్గు వినిపించింది. లుంగీ బిగించుకుంటూ బావ గడప దాటి వచ్చాడు. "ఎవలే వచ్చింది? అరె, నువ్వా! గీ బండి మీద వచ్చినవా?"

నేను కేక పెట్టాను. దయ్యాన్ని చూసినవాడు పెట్టే కేక అది. పక్కిళ్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు. బావ నా భుజాలు పట్టుకున్నాడు. నేను ఆయన మొహం, మెడ, చేతులు తడిమాను. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. తర్వాత నవ్వు వచ్చింది. గట్టిగా నవ్వాను, అందరూ నాతో నవ్వారు. నాకు నిజంగా సంతోషం వేసింది. ఆ కొన్ని నిమిషాల సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

నాట్లు పడలేదని బావ ఊళ్లోనే ఆగిపోయాడట. ఇంకో నెల నడిపించమని బద్లీ మనిషికి ఉత్తరం రాశాడట. నాకు చెప్పాలని అతనికీ తోచలేదు, ఈయనకూ తోచలేదు. సంగతంతా విని బావ నీళ్ల చెంబు నా చేతికిచ్చాడు. ముందుగా అడిగింది అక్క.

"మరి గాడ కాలింది ఎవలురా?"

చెంబు కింద పెట్టాను. బావ నా మొహం చూశాడు. ఇద్దరం ఒకేసారి లేచాం.

ఆ మెతక మనిషి ఊరు పన్నెండు కిలోమీటర్లు. బావను వెనక ఎక్కించుకున్నాను. ఇద్దరి బరువు ఆ బండికి మోయరానిది. ఎత్తు వస్తే బావ దిగి పక్కనే పరుగెత్తాడు. అక్కకు చెప్పడానికి నాలుగు రోజులు మాట వెతికినవాణ్ని, ఇక్కడ వెతకడానికి అరగంట కూడా లేదు.

అతని భార్య వసారాలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన అత్త ఉంది. నేను మాస్టర్‌నని చెబితే లేచి నిలబడి కొంగు సర్దుకుంది. "మీ గురించి మస్తు చెప్పిండన్నా. పని మీరే చూసిన్రట," అంది. ఆ మాట ఆమె అనకపోతే బాగుండేది.

చెప్పాను. కాలిందని, బతికే ఉన్నాడని, రమ్మన్నారని. ఆమె కదలకుండా వింది. తర్వాత అడిగింది, "పేరేం చెప్పిండన్నా గాయన?"

బావ పేరు చెప్పాను.

ఆమె మొహం తేటపడింది. అత్త వైపు తిరిగి, "మనాయన కాదత్తా," అంది. నాతో, "పిల్లల నాయిన అబద్ధమాడడన్నా. నెత్తి మీద కత్తి పెట్టినా ఆడడు. ఇంకెవలో ఉంటరు," అని మళ్లీ కూర్చుని చాట ఒళ్లోకి తీసుకుంది. ఆకు మడిచి దారం చుట్టింది.

బావ తల దించుకున్నాడు. ఆమె నమ్మకం తప్పని చెప్పాల్సినవాణ్ని నేనే. "లేదమ్మా. ఆడుమన్నది నేనే," అన్నాను. గేటు సంగతి, కార్డు సంగతి, చాయ్ హోటల్ దగ్గర మూడుసార్లు పిలిచిన సంగతి, యముడి మాట, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే నా మాటలు వినబుద్ధి కాలేదు. ఒళ్లు కాలిపోయి, చచ్చిపోతానేమో అనుకున్న వేళ కూడా ఆ మనిషి నాకిచ్చిన మాట తప్పలేదు. ఆ మంచం మీద పోయి ఉంటే బావ పేరుతో పోయేవాడు. ఈమె ఇక్కడ బీడీలు చుడుతూ ఉత్తరం కోసం చూస్తూ ఉండేది.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చాట పక్కన పెట్టి, "చెప్పుమన్నది నువ్వేనాయె. ఇగ వద్దని చెప్పెటందుకు గూడ నువ్వే రావాలె," అంది. లోపలికి పోయి రెండు చీరలు సంచిలో పెట్టుకుంది.

మర్నాడు కాజీపేటలో విచారిస్తే లైను బాగైందన్నారు. మోపెడ్‌ను బావ కొట్టంలో వదిలేసి ముగ్గురం రైలెక్కాం. అది మళ్లీ సూరత్ రాలేదు, అక్కడే తుప్పు పట్టిపోయింది. రైల్లో ఆమె ఒక్కటే మాట అడిగింది. "బతికే ఉన్నడంటవా అన్నా?" నేను వచ్చేనాటికి ఉన్నాడమ్మా అన్నాను. అంతకంటే నాకేం తెలుసు?

అతను బతికాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, మిమ్మల్ని ఉత్కంఠలో పెట్టి ఆడించే హక్కు నాకు లేదు. ఒక చెవి ముడుచుకుపోయింది, కుడి చెయ్యి పూర్తిగా చాపలేడు. కానీ మేము వార్డు తలుపు దగ్గరికి పోయిన ఆ పొద్దున ఇదేమీ మాకు తెలియదు.

ఈసారి చెప్పులు విప్పాను. సిస్టర్ అదే సిస్టర్. రోగికి ఏమవుతావని అతని భార్యను అడిగింది. నేను హిందీలో భార్య అన్నాను. సిస్టర్ కాగితం చూసి బావ పేరు చదివి, "ఇతనికేనా?" అంది.

"ఆ పేరు నాది," అన్నాడు బావ.

సిస్టర్ కాగితం చూసింది, బావను చూసింది, మంచం వైపు చూసింది. "అయితే వారం నుంచి నేను ఎవరికి మందులేస్తున్నా?" అంది. ఆమెకు కోపం వచ్చింది, భయం కూడా వేసినట్టుంది. రోగి పేరు రోగే చెప్పాలని, లేకపోతే పోలీసులను పిలుస్తానని అంది. ఏడు రోజులుగా ఆ పేరుతో పిలిస్తేనే పలుకుతున్నాడట.

నేను అతని భార్య వైపు తిరిగి, "నువ్వే పిలువమ్మా," అన్నాను.

మా దిక్కు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పెళ్లిలో అందరూ పట్టుబట్టి చెప్పించినప్పుడు తప్ప ఆ పేరు ఆమె నోట వచ్చి ఉండదు. మంచం దగ్గరికి నడిచి వంగింది. పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. మళ్లీ గాలి పీల్చుకుని పేరు పెట్టి పిలిచింది.

అతను కదల్లేదు.

ఇంకోసారి పిలిచింది. కళ్ల దగ్గర కట్టు తీసేశారు, కానీ కళ్లు గట్టిగా మూసుకునే ఉన్నాయి. సిస్టర్ తల అడ్డంగా ఊపింది. నాకు మాత్రం తెలిసిపోయింది. అతనికి వినపడుతోంది. చాయ్ గ్లాసు పట్టుకుని ఇట్లాగే నిలబడ్డాడు.

"నేనే, మాస్టర్ని," అన్నాను. "ఆమె పిలుస్తున్నది నిన్నే."

ఆమె మూడోసారి పిలిచింది. కళ్లు తెరిచాడు. ఆమెను చూశాడు. తర్వాత ఆమె వెనక నిలబడ్డ నన్ను వెతుక్కున్నాడు.

"మాస్టర్," అన్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి, మాట తెగి తెగి వస్తోంది. "గా దినం నువ్వొచ్చి బావా అని పిలిస్తివి. పక్కన ఎవలో ఉన్నరు, ఇంక దాస్తున్నవు గావొచ్చు అనుకున్న. అందుకే పలకలె." కొంచెం ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇగ చెప్పొచ్చునా, నా పేరు?"

తల ఊపాను. అతనికి కనపడలేదేమోనని మళ్లీ ఊపాను.

సిస్టర్ కాగితం మీద బావ పేరు కొట్టేసి పెన్ను పట్టుకుని నిలబడింది. అతను తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు ఒక్కొక్కటే చెప్పాడు.